మిలిటరీ ఐడి ఫోటో పంపిస్తే సరిపోతుందా? అమెరికాలో పొగాకు మెయిల్ ఆర్డర్ అమ్మేవారికి వయసు తనిఖీ మార్గదర్శి

సిగార్లో, పైపు పొగాకో ఆన్‌లైన్లో అమ్మే చిన్న వ్యాపారికి అమెరికాలో ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఆర్డరు పెట్టిన కుర్రాడు ఈమెయిల్ రాస్తాడు: "నేను ఆర్మీలో ఉన్నాను. మీ సైటు నా వయసు తేల్చలేకపోతోంది. మిలిటరీ ఐడి ఫోటో తీసి పంపితే సరిపోతుందా?" సైనికుడి కార్డు కంటే నమ్మకమైనది ఇంకేముంటుందనిపించి చాలామంది సరే పంపించమంటారు. దాంతో ఒకే దెబ్బకు రెండు పొరపాట్లు జరుగుతాయి. ఆ కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన అతనికి 21 నిండినట్టు కాదు. పైగా ఆ కార్డు ఫోటో పంపమనడం ఒక ఫెడరల్ చట్టంతో గొడవ పెట్టుకోవడమే.

అలాగని కార్డు పనికిరాదని అనుకోకండి. భేషుగ్గా పనికొస్తుంది. కాకపోతే అది కళ్లతో చూడాల్సిన కార్డు, ఫైల్లో దాచుకునే కార్డు కాదు. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా పద్ధతి ప్రకారం చేసుకుపోవచ్చు.

ఈ సంగతి తెలుగులో ఎందుకంటారా? అక్కడ గ్యాస్ స్టేషన్లు, లిక్కర్ స్టోర్లు నడిపే మనవాళ్లు ఉన్నారు. కౌంటర్ వ్యాపారానికి తోడు ఒక వెబ్‌సైటు పెడదామనే ఆలోచన వాళ్లకూ వస్తుంది. అటు కార్డు చూపించేవాళ్లలోనూ మన పిల్లలు ఉండొచ్చు. గ్రీన్ కార్డు లేకపోయినా కొన్ని భాషలు వచ్చినవారిని సైన్యంలోకి తీసుకున్న మావ్నీ పథకంలో, ఆ భాషల జాబితాలో తెలుగు కూడా ఉండేది. స్టూడెంట్ వీసా మీద వెళ్లి, ఆ దారిన యూనిఫాం వేసుకుని పౌరసత్వం తెచ్చుకున్న తెలుగువాళ్లు ఉన్నారు.

ముందు వయసు లెక్క

2019 డిసెంబరు 20 నుంచి అమెరికా అంతటా పొగాకు అమ్మడానికి కనీస వయసు 21. సిగరెట్, సిగార్, పైపు పొగాకు, హుక్కా, వేప్ (ఈ-సిగరెట్) అన్నిటికీ అదే. ఇండియాలో 18 కాబట్టి అక్కడినుంచి కొత్తగా వచ్చి కౌంటర్లో నిలబడే కుర్రాళ్లకు ఇది మొదటి రోజే చెప్పాలి.

సైనికులకు మినహాయింపు ఉందన్న నమ్మకం మాత్రం ఇంకా పోలేదు. దానికి కారణం ఉంది. 2016 జూన్‌లో కాలిఫోర్నియా వయసును 21కి పెంచినప్పుడు, యాక్టివ్ డ్యూటీలో ఉన్న 18 దాటిన సైనికులు మిలిటరీ కార్డు చూపిస్తే అమ్మవచ్చని చట్టంలోనే రాసింది. 2019 సెప్టెంబరులో టెక్సస్ కూడా అలాంటి వెసులుబాటే ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఫెడరల్ చట్టంలో ఆ మినహాయింపు లేదు. కాబట్టి "మా రాష్ట్రంలో సోల్జర్లకి 18 చాలు" అని కస్టమర్ వాదిస్తే, అతను చెప్పే రాష్ట్రం మాట ఒకప్పటి నిజమే అయినా ఇప్పుడు చెల్లదు. వాదన పెట్టుకోకుండా ఆర్డరు రద్దు చేసి డబ్బు వెనక్కి ఇచ్చేయండి.

ఇంకో మాట. తల్లిదండ్రుల అనుమతి ఉంటే 17 ఏళ్లకే సైన్యంలో చేరవచ్చు. అంటే అసలైన, గడువు ఉన్న, ఏ దొంగతనమూ లేని సైనిక కార్డు చేతిలో ఉన్నవాడికి కూడా నాలుగేళ్లు తక్కువ ఉండొచ్చు. కార్డు నిజమైనదా అన్నది ఒక ప్రశ్న, వయసెంత అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకగానే రెండోది మరిచిపోవడం ఈ పనిలో అతి మామూలు తప్పు.

మీరు అమ్మేది ఏ కోవలోకి వస్తుంది?

ఇది తేల్చుకోకుండా ఐడి దగ్గరికి వెళ్లి లాభం లేదు. ఎందుకంటే కొన్ని సరుకుల విషయంలో కస్టమర్ ఎంత గట్టి ఐడి చూపించినా మీరు పంపడానికే వీలుండదు.

2010 మార్చి 31న సంతకం అయిన ప్యాక్ట్ చట్టం సిగరెట్లను, చుట్టుకునే పొగాకును, పొగరాని పొగాకును పోస్టులో పంపకుండా ఆపేసింది. 2020 డిసెంబరులో చేసిన సవరణతో ఈ-సిగరెట్లు కూడా అందులోకి వచ్చాయి. పోస్టల్ సర్వీస్ 2021 అక్టోబరులో వాటికి తుది నిబంధన తెచ్చింది. కొన్ని చిన్న మినహాయింపులు ఉన్నాయి కానీ మామూలు వ్యాపారి మామూలు కస్టమర్‌కి అమ్మడానికి అవి పనికిరావు. పెద్ద కొరియర్ కంపెనీలు కూడా సిగరెట్ల, వేప్‌ల పార్సిళ్లను వినియోగదారులకు చేర్చడం మానుకున్నాయి. న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు లైసెన్సు లేని మనిషికి సిగరెట్లు పార్సిల్ చేయడాన్నే నిషేధించాయి.

మనవాళ్లు ఇక్కడ ఒక చోట పొరబడతారు. ఇండియన్ గ్రోసరీ సైట్లలో ఖైనీ, జర్దా లాంటివి మసాలా దినుసుల పక్కనే పెట్టి అమ్మేయొచ్చనుకుంటారు. నోట్లోగానీ ముక్కులోగానీ పెట్టుకునే పొగాకు ఏదైనా "పొగరాని పొగాకు" నిర్వచనంలోకే వస్తుంది. అంటే తాతగారి నశ్యం డబ్బీ కూడా. వాటిని పోస్టులో పంపకూడదు.

సిగార్లు, పైపు పొగాకు మాత్రం ఈ చట్టం పరిధిలోకి రావు. సిగార్లను పోస్టులోనే పంపవచ్చు. అమెరికాలో నిజంగా బతుకుతున్న పొగాకు మెయిల్ ఆర్డర్ వ్యాపారమంటే ఎక్కువగా ఇదే. అయినా 21 ఏళ్ల నియమం వీటికీ వర్తిస్తుంది, రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి. సరుకు దిగే రాష్ట్రం చట్టమే చూడాలి, మీ గోడౌన్ ఉన్న రాష్ట్రం చట్టం చూసి ఊరుకుంటే కుదరదు.

ప్యాక్ట్ కిందికి వచ్చే సరుకు ఏదైనా కొరియర్‌లో పంపగలిగే పరిస్థితి మీకు ఉంటే, అమ్మకం మొత్తం కస్టమర్ ఇంటి దగ్గరే జరిగినట్టు లెక్క. అక్కడి పన్ను ముందే కట్టాలి, ఏటీఎఫ్ (మద్యం, పొగాకు, ఆయుధాల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) దగ్గర, ఆ రాష్ట్ర పొగాకు పన్ను అధికారుల దగ్గర నమోదు కావాలి, నెలనెలా 10వ తేదీలోగా లెక్కలు పంపాలి, ఒక్కో పార్సిల్ 10 పౌండ్లు మించకూడదు. చిన్న వ్యాపారికి నా సలహా: దీని జోలికి పోకండి. సిగార్ల దగ్గరే ఆగండి.

ఆర్డరు రాగానే

కస్టమర్ నుంచి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఉండే ఇంటి చిరునామా తీసుకోండి. "నాకు 21 నిండాయి" అన్న గడిలో టిక్కు పెట్టించుకోవడం తనిఖీ అనిపించుకోదు. ఆ మూడు వివరాలనూ వయసు నిర్ధారణ సేవలు అమ్మే కంపెనీ డేటాబేస్‌తో సరిచూడాలి. ప్యాక్ట్ సరుకుకైతే ఇది తప్పనిసరి. ఆ డేటాబేస్ ప్రధానంగా ప్రభుత్వ మూలాల సమాచారంతో నడిచేదై ఉండాలి, అమ్మేవాడి చేతిలో ఉన్నది కాకూడదు. మీరే ఒక ఎక్సెల్ షీటు పెట్టుకుని పాత కస్టమర్ల పేర్లు సరిచూసుకోవడం చెల్లదన్నమాట. ఆ సరుకులకు ఈ దశలో ఏ ఐడి కాపీ వచ్చినా డేటాబేస్ తనిఖీకి బదులు కాదు. సిగార్లకు కూడా ఇదే పద్ధతి పాటిస్తే గొడవ ఉండదు.

సైనికుల విషయంలో ఈ మెట్టు దగ్గరే ఎక్కువ ఆర్డర్లు ఆగిపోతాయి. ఎందుకో చూడండి. ఒహాయోలో పుట్టి పెరిగిన కుర్రాడు మెరైన్స్‌లో చేరి కాలిఫోర్నియాలోని క్యాంప్ పెండిల్టన్‌లో ఉంటున్నాడనుకుందాం. డ్రైవింగ్ లైసెన్సు ఒహాయోది. బ్యాంకు కార్డు బిల్లింగ్ అమ్మానాన్నల ఇంటికి. ఉండేది బ్యారక్స్‌లో. ఇల్లు కొనలేదు, అద్దె ఒప్పందం లేదు, కరెంటు బిల్లు లేదు. 21 నిండి నాలుగు నెలలే అయింది, అప్పుల చరిత్ర కూడా పెద్దగా లేదు. అతని పేరు, కాలిఫోర్నియా చిరునామా కలిపి వెతికితే డేటాబేస్‌కు అతను దొరకడు. అంటే అతను అబద్ధం చెబుతున్నాడని కాదు. ముందు అతను లైసెన్సు తీసుకున్న చిరునామాతో ఇంకోసారి సరిచూడండి. చాలాసార్లు పేరు, పుట్టిన తేదీ అక్కడ కలుస్తాయి. అలా కలిసినా పార్సిల్ ఏ చిరునామాకు వెళ్లాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది, దాని సంగతి కింద చెబుతాను.

అయినా కలవకపోతే అప్పుడు ఐడి అడగాలి. కాలిఫోర్నియా చట్టం ఈ రెండో దారిని వివరంగా చెబుతుంది: తనకు 21 నిండాయని కస్టమర్ సంతకం చేసిన ధ్రువీకరణ, దాంతోపాటు ప్రభుత్వ ఐడి కాపీ. చెల్లే ఐడిల జాబితాలో డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్ర ఐడి కార్డు, పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు లాంటి ఇమిగ్రేషన్ పత్రాలు, చివర్లో అమెరికా మిలిటరీ ఐడి ఉన్నాయి. "మిలిటరీ ఐడి చెల్లుతుంది" అని సైట్లలో కనిపించే వాక్యానికి మూలాల్లో ఇదొకటి. అదే చట్టంలో ఇంకొన్ని పట్టింపులు ఉన్నాయి. చెల్లింపు కొనేవాడి పేరు మీద ఉన్న చెక్కుతోనో, క్రెడిట్ కార్డుతోనో ఉండాలి. పోస్టాఫీసు బాక్సుకు పంపకూడదు. సిగరెట్లయితే ఆర్డరుకు కనీసం రెండు కార్టన్లు ఉండాలి. సాయంత్రం 5 దాటాక ఫోన్ చేసి ఆర్డరు నిర్ధారించాకే పంపాలి, రికార్డు చేసిన సందేశం వదిలినా చాలు. పిల్లాడు అమ్మ కార్డు వాడి ఉంటే, ఆ వేళకు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు ఫోన్ ఎత్తుతారని ఆ ఏర్పాటు కాబోలు. డేటాబేస్‌లన్నిటికంటే ఈ ఒక్క ఫోన్ కాలే తెలివైనదని నాకు అనిపిస్తుంది.

కార్డు ఫోటో దగ్గర చిక్కు

ఫెడరల్ నేర స్మృతి 18వ టైటిల్‌లో 701వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ శాఖల గుర్తింపు కార్డులను అనుమతి లేకుండా తయారు చేయడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడంతోపాటు, వాటిని ఫోటో తీయడం, ముద్రించడం కూడా అందులో నేరమే. జరిమానాగానీ, 6 నెలల వరకు జైలుగానీ, రెండూగానీ పడవచ్చు. రక్షణ శాఖ 2014లో ఇచ్చిన సూచనల్లో ఏ పనులకు కాపీ తీయవచ్చో ఉదాహరణలు ఉన్నాయి: వైద్యం, చెక్కు మార్చుకోవడం, ఓటు, పన్నుల వ్యవహారాలు, సైనికుల ప్రయోజనాలకు సంబంధించిన పనులు. సిగార్ల కొనుగోలును వీటిలో దేనికిందా చూపించుకోలేం.

కాపీ తీసిన ప్రతి షాపువాడినీ జైల్లో పెడుతున్నారని నేననడం లేదు. కానీ కస్టమర్ వైపునుంచి ఆలోచించండి. కార్డు ఫోటో బయటికి పంపవద్దని అతనికి శిక్షణలోనే చెప్పి ఉంటారు. మీరు "అప్‌లోడ్ చేయండి" అని అడిగితే, తన మీద క్రమశిక్షణ చర్యకు దారితీసే పని చేయమని అడిగినట్టు. అడక్కుండానే పంపేశాడంటే అది వేరే అనుమానానికి తావిస్తుంది. సైనికుల పేరుతో ప్రేమ మోసాలు, కారు అమ్మకాల మోసాలు చేసే ముఠాలు దొంగిలించిన మిలిటరీ కార్డు బొమ్మలనే నమ్మకం కోసం వాడతాయి. అలా నెట్‌లో తిరుగుతున్న బొమ్మల్లో ఒకటి మీ ఇన్‌బాక్స్‌కు రావడం పెద్ద కష్టమేమీ కాదు. కార్డు బొమ్మ ఉందంటే దాని యజమాని అవతల కూర్చున్నాడని అర్థం కాదు.

మరి కాలిఫోర్నియా చట్టం మిలిటరీ ఐడి కాపీ చెల్లుతుందంటోంది కదా? అంటోంది. రాష్ట్ర చట్టం దాన్ని చెల్లే ఐడిగా ఒప్పుకుంటుంది, ఫెడరల్ చట్టం దాన్ని కాపీ తీయడానికి అడ్డుపడుతుంది. ఈ రెండింటి మధ్య ఇరుక్కోవలసిన అవసరం మీకు లేదు. కాపీ కావలసిన చోట కాపీ తీయదగ్గ ఐడి అడగండి. సైనికుల్లో దాదాపు అందరి దగ్గరా డ్రైవింగ్ లైసెన్సు ఉంటుంది, కొందరికి పాస్‌పోర్టు ఉంటుంది. లైసెన్సు గడువు దాటిందని ఎవరైనా అంటే, డ్యూటీలో ఉన్నవారికి చాలా రాష్ట్రాలు గడువు పొడిగిస్తాయని గుర్తు చేయండి. వాళ్ల రాష్ట్రం లైసెన్సుల ఆఫీసు నుంచి ఆ మేరకు కాగితం దొరుకుతుంది. మిలిటరీ కార్డును గుమ్మం దగ్గర చూపించుకోమనండి.

కస్టమర్‌కు మీరు రాసే జవాబు ఇలా ఉంటే చాలు: "మీ మిలిటరీ ఐడిని డెలివరీ సమయంలో వయసు రుజువుగా చూపించవచ్చు. దయచేసి దాని ఫోటో మాకు పంపవద్దు. ఆర్డరు నిర్ధారణ కోసం డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్ర ఐడి, పాస్‌పోర్టుల్లో ఏదైనా ఒకటి అప్‌లోడ్ చేయండి." ఈ రెండో వాక్యం చదివిన సైనికుడికి మీ మీద గౌరవం పెరుగుతుంది. ఫోటో పంపాలని పట్టుబట్టేవాడు కనిపిస్తే ఆ ఆర్డరును పక్కన పెట్టండి.

వీడియో కాల్‌లో కార్డు చూపించమనడం మధ్యే మార్గంలా కనిపిస్తుంది. కాల్ రికార్డు కాకుండా చూసుకుంటే కాపీ సమస్య తప్పుతుంది. కానీ కెమెరా ముందు కార్డును పరీక్షించడం కష్టం, కాపీ కోరే రాష్ట్ర చట్టానికి అది సరిపోదు కూడా. నేనైతే దాన్ని అదనపు జాగ్రత్తగా వాడతాను, అసలు తనిఖీగా లెక్కపెట్టను.

కార్డు చేతికి వచ్చినప్పుడు

ఇది డెలివరీ మనిషికీ, షాపులోనే పికప్ ఇచ్చే సిబ్బందికీ పనికొచ్చే భాగం. ఆర్డరు ఆన్‌లైన్లో పెట్టి దగ్గరి షాపులో తీసుకెళ్లే పద్ధతి మీకుంటే ఇది ప్రింటు తీసి కౌంటర్ వెనక అంటించండి.

ఎక్కువగా కనిపించేది కామన్ యాక్సెస్ కార్డు. సైనికులు క్యాక్ అంటారు. బంగారు రంగు చిప్పు ఉంటుంది, నిలువుగా ఉంటుంది. ఈ నిలువుతనం వల్లే కొత్త సిబ్బంది తికమకపడతారు. అమెరికాలో చాలా రాష్ట్రాలు 21 నిండనివాళ్లకు నిలువు లైసెన్సు, నిండినవాళ్లకు అడ్డం లైసెన్సు ఇస్తాయి. "నిలువు కార్డు అంటే చిన్నపిల్లలు" అని నేర్పించిన గుమస్తా నలభై ఏళ్ల సార్జెంటును కూడా వెనక్కి పంపేస్తాడు. క్యాక్ అందరికీ నిలువే, దాని ఆకారానికీ వయసుకూ సంబంధం లేదు.

రెండో తికమక పుట్టిన తేదీ. సైనికుల క్యాక్ ముందువైపు ఫోటో, పేరు, హోదా, గడువు తేదీ ఉంటాయి. పుట్టిన తేదీ కోసం కార్డు తిప్పి వెనకవైపు చూడాలి. ముందువైపు కనిపించే తేదీ గడువుది. హడావిడిలో దాన్నే పుట్టిన తేదీ అనుకుని లెక్కేసి, అర్థంకాక, "ఓకే ఓకే" అని పార్సిల్ ఇచ్చేసే సిబ్బంది ఉంటారు. తేదీ రాసే పద్ధతి కూడా లైసెన్సులాగా ఉండదు. సంవత్సరం ముందు వస్తుంది, తర్వాత నెల మూడక్షరాల్లో, చివర రోజు. 2005 మార్చి 9న పుట్టినవాడికి 2026 మార్చి 9న 21 నిండుతాయి, 8న అమ్మితే అది చట్టవిరుద్ధమే. లెక్క నోటితో వేయకండి. ఈ రోజుకు సరిగ్గా 21 ఏళ్ల వెనక తేదీని రోజూ పొద్దున ఒక చీటీ మీద రాసి ఎదురుగా పెట్టుకుంటే చాలు.

క్యాక్ సైనికులకే కాదు, రక్షణ శాఖ సివిల్ ఉద్యోగులకూ, కొందరు కాంట్రాక్టర్లకూ ఇస్తారు. ఆకుపచ్చ గీత ఉంటే కాంట్రాక్టర్. నీలం గీత ఉంటే అమెరికా పౌరుడు కానివారు. ఈ రంగులు మీకు అనవసరం. ఫోటో, పుట్టిన తేదీ, గడువు ఉన్నాయా అన్నదే చూడండి.

కుటుంబ సభ్యులకూ, రిటైరైనవారికీ ఇచ్చేది వేరే కార్డు, యూనిఫామ్డ్ సర్వీసెస్ ఐడి. 2020 జూలై 31 నుంచి పాత లామినేషన్ కార్డుల స్థానంలో ప్లాస్టిక్ కార్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. దీని దగ్గర మరీ జాగ్రత్త అవసరం, ఎందుకంటే సైనికుల పిల్లలకు 10 ఏళ్లకే ఈ కార్డు వస్తుంది. హైస్కూల్ పిల్లాడి జేబులో ఉండేది ఇదే. అది కూడా "మిలిటరీ ఐడి"యే, అది కూడా అసలైనదే. ఇక రిటైరైన పెద్దాయన కార్డులో గడువు తేదీ ఉండాల్సిన చోట తేదీ లేకుండా, అనిశ్చిత కాలమని సూచించే ఇండెఫ్ అన్న మాట ఉండొచ్చు. అంటే గడువు లేదని అర్థం. గడువు కనిపించలేదని ఆయన్ను వెనక్కి పంపకండి.

పనికిరానివి కూడా తెలిసి ఉండాలి. మాజీ సైనికులకు వెటరన్స్ శాఖ ఇచ్చే ఆరోగ్య గుర్తింపు కార్డు మీద ఫోటో ఉంటుంది కానీ పుట్టిన తేదీ ఉండదు. సర్వీసు ముగిశాక ఇచ్చే డీడీ-214 పత్రంలో ఫోటో ఉండదు. ఫోటో ఒకదాంట్లో, తేదీ ఇంకోదాంట్లో చూసి రెండూ కలిపి సర్దుకుపోవడం కుదరదు, రెండూ ఒకే ఐడి మీద ఉండాలి. పొగాకు అమ్మకాల మీద నిఘా ఉంచే ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఏ కోరేది పుట్టిన తేదీ ఉన్న ఫోటో ఐడి. 2024 సెప్టెంబరు 30 నుంచి 30 ఏళ్లలోపు ప్రతి ఒక్కరి ఐడీ చూసి తీరాలి, అంతకుముందు ఆ హద్దు 27. షాపులో అయితే అందరినీ అడిగేయండి, ఎవరికెంత వయసుంటుందో ఊహించే టెన్షన్ తప్పుతుంది.

లైసెన్సుల బార్‌కోడ్ చదివే స్కానర్ మిలిటరీ కార్డును చదవకపోవచ్చు, రెండింటి బార్‌కోడ్ పద్ధతి వేరు. మెషీన్ ఎర్ర లైటు వేసిందని కార్డు నకిలీ అనకండి, కళ్లతో చూసి లెక్కేయండి. స్కాన్ చేస్తే కార్డు బొమ్మను కూడా దాచుకునే మెషీన్ అయితే అసలు దాని దగ్గరికే తీసుకెళ్లకండి. కార్డును తాకట్టులా దగ్గర పెట్టుకోవడం కూడా వద్దు, అది ప్రభుత్వ ఆస్తి.

చిరునామా, డెలివరీ

మిలిటరీ కార్డు మీద ఇంటి చిరునామా ఉండదు. కాబట్టి అది వయసు తేల్చగలదేమో కానీ, ఆర్డరులో రాసిన ఇల్లు అతనిదేనని తేల్చలేదు. ఆ పని డేటాబేస్, బిల్లింగ్ చిరునామా చేయాలి. మన క్యాంప్ పెండిల్టన్ కుర్రాడి విషయంలో అసలు ముడి ఇదే. బిల్లింగ్ ఒహాయోలో, మనిషి కాలిఫోర్నియాలో. అతను తన బ్యాంకులో చిరునామా మార్చుకుంటే ముడి విడిపోతుంది, అదే చేయమని చెప్పండి. అమ్మానాన్నల ఇంటికి పంపి వాళ్లను అక్కడినుంచి మళ్లీ పంపించమనే ఉపాయం మీ నోటినుంచి రాకూడదు.

పార్సిల్ పంపేటప్పుడు పెద్దవారి సంతకం కోరే సేవే ఎంచుకోవాలి. పోస్టల్ సర్వీసులో ఇది రెండు రకాలు. ఒకదాంట్లో ఆ చిరునామాలో ఉన్న 21 దాటిన ఎవరైనా ఐడి చూపించి సంతకం పెట్టొచ్చు, రెండోదాంట్లో పార్సిల్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే తీసుకోవాలి. బ్యారక్స్‌కు వెళ్లే పార్సిళ్లకు రెండోదే వాడమంటాను. బేస్‌లో చాలా చోట్ల పార్సిళ్లు ముందు యూనిట్ మెయిల్‌రూమ్‌కు వెళ్తాయి. అక్కడి గుమస్తా సంతకం పెట్టి తీసుకుని సాయంత్రం పంచిపెడితే, వయసు చూసింది గుమస్తాదే, కొన్నవాడిది కాదు. కాలిఫోర్నియాకు వెళ్లే పెట్టె మీదైతే లోపల పొగాకు ఉందనీ, 21 దాటినవారి సంతకం కావాలనీ కనబడేలా రాసి ఉండాలి.

విదేశాల్లో ఉన్న సైనికుల ఏపీఓ, ఎఫ్‌పీఓ (సైనిక పోస్టాఫీసు) చిరునామాలకు చేరగలిగేది పోస్టల్ సర్వీస్ ఒక్కటే. పోస్టులో సిగరెట్లు, ఖైనీ, వేప్‌లు అమ్మకానికి పంపడం నిషేధం కాబట్టి ఆ సరుకులకు ఆ దారి మూసుకుపోయింది. సిగార్లకు కూడా ఆతిథ్య దేశం కస్టమ్స్ నియమాలు అడ్డం వస్తాయి, ఒక్కో ఏపీఓ నంబరుకు ఒక్కో రకం ఆంక్షలు ఉంటాయి. ఆ జాబితా పోస్టల్ సర్వీస్ దగ్గర ఉంటుంది, చూసుకోకుండా డబ్బు తీసుకోకండి.

డెలివరీ కాకుండా వెనక్కి వచ్చిన పెట్టెను కారణం చూడకుండా మళ్లీ పంపకండి. "ఎవరూ లేరు" అని వస్తే ఒక మాట, "ఐడి చూపలేదు" అని వస్తే ఇంకో మాట. రెండోదైతే డబ్బు వెనక్కి ఇచ్చి, ఆ ఖాతాను ఆపేయండి.

ఏం రాసిపెట్టుకోవాలి

ప్యాక్ట్ సరుకు అమ్మేవారు అమ్మకాల రికార్డులను, అమ్మిన తేదీ తర్వాత మొదలయ్యే నాలుగో పూర్తి క్యాలెండర్ సంవత్సరం ముగిసేదాకా ఉంచాలి. అంటే 2025 మార్చిలో అమ్మినదాన్ని 2029 డిసెంబరు ఆఖరుదాకా. రాష్ట్రాల వారీగా, ఊళ్ల వారీగా, జిప్ కోడ్ వారీగా సర్ది పెట్టాలి. తప్పు జరిగితే జరిమానా మొదటిసారి 5,000 డాలర్లు, తర్వాత ఒక్కోసారీ 10,000 డాలర్లు, లేదా అంతకుముందు ఏడాది ఆ సరుకు అమ్మకాల్లో 2 శాతం, ఏది ఎక్కువైతే అది. తెలిసి చేస్తే 3 ఏళ్ల వరకు జైలు. సిగార్లు మాత్రమే అమ్మేవారికి ఈ లెక్క వర్తించదు, అయినా అంతకాలం దాచుకోవడం మంచిది.

మిలిటరీ ఐడి చూసినప్పుడు రాసుకోవలసింది నాలుగు ముక్కలు: చూసిన తేదీ, కార్డు రకం, పుట్టిన తేదీ ఆర్డరులో ఇచ్చినదానితో కలిసిందా లేదా, చూసిన ఉద్యోగి పేరు. కార్డు మీద ఉండే రక్షణ శాఖ నంబరు రాయకండి, బ్లడ్ గ్రూపు, హోదా మీకు అక్కర్లేదు. చట్టం వయసు చూడమంది, సైనికుడి జాతకం రాసుకోమనలేదు.

ఇప్పటికే మీ సైటులో "ఐడి అప్‌లోడ్" బటన్ ఉంటే దాని కింద ఉన్న జాబితాలోంచి మిలిటరీ ఐడిని ఈ రోజే తీసేయండి, "డెలివరీ సమయంలో చెల్లే ఐడిలు" అన్న వేరే జాబితాలో చేర్చండి. తర్వాత ఈమెయిల్ ఇన్‌బాక్స్‌లో, వాట్సాప్‌లో, కౌంటర్ మీది ఫోన్ గ్యాలరీలో పాత కార్డు ఫోటోలు ఎన్ని ఉన్నాయో వెతకండి. ఏవి చెరిపేయాలో, అమ్మకం రికార్డులో భాగంగా వేటిని ఉంచక తప్పదో మీ లాయరును అడిగాకే చెరపండి. షాపులో మారిన సిబ్బంది సొంత ఫోన్లలో ఏమైనా మిగిలాయేమో కూడా కనుక్కోండి.